ముల్లు ఊగుతుందన్నాడు
పాత కారులో స్పీడు మీటరు ముల్లు ఊగుతోందని మా దోస్తు జమ్మికుంటలోని నా షెడ్డుకు వచ్చాడు. పెళ్లి కాకముందు నుంచీ ఆ కారునే కిరాయికి నడిపి బతికినవాడు. మీటరు కేబుల్ ఎండిపోయింది. కిరసనాయిలుతో కడిగి, కొంచెం గ్రీజు పూసి బిగించాను.

వారానికి మళ్లీ వచ్చాడు. "గ్రీజు పూసినవా, మాటలు పూసినవా? గట్లనే ఊగుతుంది."

"నడువు భాయ్, నేను గూడ కూసుంట" అన్నాను.

హుజూరాబాద్ రోడ్డెక్కాం. నేను అంకెలు నేర్చింది అరవై ఏళ్లు దాటాకే, అయినా కూడబలుక్కుని చూశాను. ముల్లు నలభై మీద కదలకుండా ఉంది. పక్కకు తిరిగితే అతని తల సన్నగా వణుకుతోంది.

"చూసినవా, ఎట్ల ఆడుతుందో" అన్నాడు.

దాచడం నాకు చేతకాదు. "ముల్లు మంచిగనే ఉంది భాయ్. నీ తలకాయ వణుకుతుంది."

అతను కారు పక్కకు ఆపాడు. చాలాసేపు స్టీరింగు వదలలేదు. తర్వాత దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీశాడు.

"జర నువ్వు నడుపు."

ఆ కారులో అతను పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఇంటిదాకా అతని కుడికాలు, అటువైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.