పురుగు లేని పెరడు

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉన్న తెలుగువాళ్ల మీద లీలావతికి పెద్దగా గౌరవం లేదు. ఆ సంగతి దాచుకోవాలని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఎడారి మధ్యన, ఎర్రమట్టిలో, నది అంటే ఇసుక తప్ప నీళ్లు కనపడని ఊళ్లో కాపురం పెట్టి, ఇంటిముందు పచ్చగడ్డి రావడం లేదని ఏడ్చేవాళ్లను ఏమని గౌరవించాలి? మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఇల్లు కొన్న బావమరిదిని తలుచుకుని కుళ్లుకోవడం, శాశ్వత నివాసానికి పీఆర్ రాగానే మెల్‌బోర్న్‌కి ఎగిరిపోవాలని రోజులు లెక్కపెట్టుకోవడం, ఇవీ వాళ్ల పనులు. కాళ్ల కింద నేలలో ఏముందో వంగి చూసిన మనిషి ఒక్కడూ లేడు.

ఆమెకు జీతం వచ్చేదే ఆ నేలను చూసినందుకు. అనంతపురంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక పదేళ్లు వంటింట్లో గడిపి, భర్త మల్లికార్జునకు ఇక్కడి ఆసుపత్రిలో కంప్యూటర్ల ఉద్యోగం దొరికితే వెంట వచ్చింది. డార్విన్ నగరంలోని యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ ఐదేళ్ల సర్వే మొదలుపెట్టి, ఊళ్లో పనిచేసే మనిషి కోసం వెతుకుతుంటే దరఖాస్తు పెట్టింది. పార్కుల్లో, నది ఇసుకలో, ఇళ్ల పెరళ్లలో, మొత్తం పన్నెండు చోట్ల, మూడు నెలలకోసారి ప్లాస్టిక్ గ్లాసులు పాతాలి. గ్లాసు అంచు నేలకు సమంగా ఉండాలి. నేల మీద తిరిగే చీమలు, పేడపురుగులు, తేళ్లు, సాలెపురుగులు అందులో పడతాయి. వారం తర్వాత వాటిని స్పిరిట్ సీసాల్లోకి వంచి, ఏ రకం ఎన్ని ఉన్నాయో రాయాలి. ఊరు పెరిగేకొద్దీ ఏవి బతుకుతున్నాయో, ఏవి పోతున్నాయో అలా తెలుస్తుంది.

ఈ ఉద్యోగం పుణ్యమా అని తెలుగు సంఘంలో ఆమెకు 'పురుగులావిడ' అని పేరు పడింది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లకు ఆమె తీసుకెళ్లిన పులిహోర గిన్నె చివరిదాకా నిండుగానే ఉండేది. ఆ చేతులు ఏవేవి ముట్టుకున్నాయోనని వాళ్ల భయం. ఆమె ఆ గిన్నెను ఇంటికి మోసుకొచ్చి మూడు రోజులు కసిగా తినేది.

ఆ సంఘానికి ప్రెసిడెంటు విజయభాస్కర్, గుంటూరు మనిషి. ప్రతి ఫొటోలోనూ మధ్యలో ఉంటాడు, లేకపోతే ఫొటో మళ్లీ తీయిస్తాడు. సర్వేకు పెరడు ఇచ్చినవాళ్లకు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద మెచ్చుకోలు ఉత్తరం వస్తుందని వినగానే, "మా బ్యాక్‌యార్డ్ రాసేసుకోమ్మా, కమ్యూనిటీ సర్వీస్ కదా" అని ముందుకొచ్చాడు. ఆ పెరటి మీద అతనికున్న శ్రద్ధ అంతవరకే. వెనక మూలన ఎండిన ముల్గా చెట్టు, అంటే ఇక్కడి ఎడారి తుమ్మ, దాని కింద ఏళ్ల తరబడి రాలిన ఆకు, విరిగిన కుర్చీలు. అతని బద్ధకం వల్లే ఆ మూల అడవిలా బతికి ఉందని లీలావతి నమ్మకం.

రెండో ఏడాది ఆ మూల గ్లాసులో మూడు సాలెపురుగు పిల్లలు పడ్డాయి. నేలలో గొట్టంలా బొరియ తవ్వుకుని, దానికి మట్టితో మూత పెట్టుకుని బతికే జాతి. ప్రొఫెసరమ్మ వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, తెలిసిన ఏ రకంతోనూ కలవడం లేదంది. అయితే పిల్లల్ని చూసి కొత్త రకమని తేల్చలేరు. ఎదిగిన మగది కావాలి. మగది ఏళ్లకేళ్లు బొరియలోనే పెరిగి, మంచి వాన పడ్డాకే ఆడదాన్ని వెతుక్కుంటూ బయటికొస్తుంది, తిరిగి తిరిగి చచ్చిపోతుంది. అది దొరికితే ఆ జాతికి పేరు వస్తుంది. పేరుంటేనే కాగితాల మీద అది ఉన్నట్టు, దాన్ని కాపాడమని అడగడానికి వీలున్నట్టు.

ముల్గా చెట్టు కింద రూపాయి బిళ్లంత బొరియ మూతను లీలావతి వెతికి పట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముందు దాన్ని చూసుకునేది. విజయభాస్కర్ ఒకసారి కాఫీ కప్పుతో బయటికొచ్చి, "ఏమన్నా స్పెషల్‌గా పడిందా అమ్మా?" అని అడిగాడు. "చీమలన్నా" అంది లీలావతి. ఇలాంటివాడికి చెబితే మర్నాడే పెస్ట్ కంట్రోల్ వాణ్ణి పిలుస్తాడని ఆమె లెక్క. ఇంటికెళ్లి ఆ సంగతి భర్తకు చెప్పి నవ్వింది కూడా.

సర్వేలో చివరి ఏడాది, చివరి విడత. గ్లాసులు పాతిన మర్నాడే, రెండేళ్లుగా ముఖం చాటేసిన వాన రెండు రోజులు కురిసింది. లీలావతికి వారమంతా కాలు నిలవలేదు. శనివారం పొద్దున గ్లాసులు తీయాలి, సాయంత్రం ప్రొఫెసరమ్మ విమానం దిగుతుంది. ఆ మాట విని విజయభాస్కర్ ఆవిడను టీకి పిలిచాడు. ఫొటో కోసమేనని లీలావతి మూతి తిప్పుకుంది.

శనివారం ఆమె పెరటి గేటు తీసి నిలబడిపోయింది. పెరడంతా ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంది. ఆకు లేదు, కుర్చీలు లేవు, ముల్గా చెట్టూ లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు విజయభాస్కర్ మెరిసిపోతూ. "నిన్ననే టర్ఫ్ వేయించా. దానికి ముందు పెస్ట్ వాడితో డబుల్ డోస్ కొట్టించా. ఈ సాయంత్రం ప్రొఫెసర్ గారు వచ్చి చూసుకోవచ్చు. ఒక్క పురుగు కనపడితే నా పేరు మార్చేసుకుంటా!"

"నా గ్లాసులు యాడున్నాయన్నా?"

"కడిగి పెట్టాంగా, అదిగో!" వాటికోసమే టర్ఫ్‌కి చిల్లులు పెట్టించాడు. ఒక్కో చిల్లులో ఒక్కో గ్లాసు తళతళలాడుతోంది.

అతని భార్య ఉదయశ్రీ కాఫీ తెచ్చింది. "ఛీ, ఎంత అసహ్యంగా ఉన్నాయనుకున్నావు! నేనే వంపి, సబ్బు పెట్టి కడిగా. చెట్టు దగ్గర గ్లాసులో ఒకటుందమ్మా, నల్లగా, ఇంతింత కాళ్లు, మూతి దగ్గర రెండు ముద్దలు. కెవ్వున అరిచాననుకో. బిన్‌లో పడేస్తే నిన్న లారీ వాడు పట్టుకెళ్లాడు."

మూతి దగ్గర ముద్దలుండేది ఎదిగిన మగదానికే. లీలావతి గొంతు పెంచింది.

"మీకు బుద్ధుందా అన్నా? పురుగుల సర్వేకి పురుగుమందు కొట్టిస్తారా ఎవురన్నా? మూడేండ్ల నుంచి దానికోసరం ఎదురుచూస్తాండా నేను!" ఆపకుండా అంతా చెప్పేసింది. పిల్లలు, బొరియ, మూత, వాన, లోకంలో ఇంకెక్కడా దొరకని జాతి.

విజయభాస్కర్ నోరు తెరుచుకుని విన్నాడు. "మా ఇంట్లోనా? ఊరంతటికీ మా ఇంట్లోనేనా?" అన్నాడు. గొంతులో గర్వం లేచి, అంతలోనే కాళ్ల కిందున్న ప్లాస్టిక్ గడ్డి చూసి ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని టర్ఫ్ అంచు పట్టి లాగాడు. కింద మట్టి తెల్లటి పొడితో గట్టిపడి ఉంది.

"మూడేళ్లా?" అన్నాడు తలెత్తకుండా. "వచ్చినప్పుడల్లా మా కాఫీ తాగే వెళ్లావు కదమ్మా. అడిగితే చీమలన్నావు."

"చెప్పినా మీకు అర్థం కాదనుకున్న్యా."

"అర్థం కాకపోను. ఆగేవాణ్ణి కదమ్మా."

ఆగేవాడే. చుట్టూ కంచె కట్టించి, తన పేరుతో బోర్డు పెట్టించి, పక్కన నిలబడి ఫొటోలు దిగేవాడు, ఆ మూల ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు. ఆ సంగతి లీలావతికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ బోర్డు మీద విజయభాస్కర్ పేరు చూడలేకే ఆమె చెప్పలేదు.