సుబేదార్ సాబ్ ఇసుక సంచులు

జనగామలో ఒక రిటైర్డ్ కర్నల్ గారు నా మూలంగా కాళ్లు పైకి లేపి, వెల్లకిలా పడి, పత్తిలో మునిగిపోయారని మీరు ఎక్కడైనా విని ఉంటే, విన్నదాంట్లో సగమే నిజం. మునిగింది నిజం. నేను కావాలని తోశానన్నది పచ్చి అబద్ధం. ఆ దసరా నాటి ఘోరం తలచుకుంటే ఇప్పటికీ నా గుండె గుభేలుమంటుంది. మీరు మాత్రం నవ్వుతారు, నాకు తెలుసు. నవ్వండి. ఎదుటివాళ్లు జారిపడితే నవ్వడానికేగా దేవుడు మనకు పళ్లిచ్చింది!

నా పేరు రజిత. పుట్టిల్లు కేసముద్రం, నాయినది పత్తి వ్యాపారం. మా ఆయన మిలటరీలో, ఎక్కడో మంచు కురిసే కొండల్లో ఉంటాడు. నేను జనగామలో అత్తమ్మతో ఉంటాను. దిగులుకు అన్నం సహించదంటారు. నాకు దిగులేస్తే అన్నం సంగతేమో గానీ సర్వపిండి బాగా సహిస్తుంది. అలా ఆయన సెలవుకు వచ్చి వెళ్లిన ప్రతిసారీ దిగులు పడీ పడీ, చివరికి పెళ్లినాటి జాకెట్లో ఒక చెయ్యి మాత్రమే పట్టే స్థితికి చేరుకున్నాను.

మా ఊళ్లో మాజీ సైనికులు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న హాలొకటి ఉంది. అందులో పొద్దున్నే సైనిక కుటుంబాల ఆడవాళ్లతో కసరత్తు చేయిస్తారని తెలిసి చేరాను. నేర్పేది జఫర్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ సుబేదార్ సాబ్. మా ఆయన చిన్నప్పుడు ఆయన దగ్గరే పరుగులు నేర్చి పట్టాళంలో చేరాడు. కసరత్తంటే చేతులు నాలుగుసార్లు ఊపి, చెమట పట్టకముందే ఇంటికొచ్చి టిఫిన్ తినడం అనుకున్నాను. అక్కడ లారీ టైర్లు దొర్లించాలి. కొండచిలువంత తాడు ఊపాలి. ఇంకొకటుంది, దాని పేరు బర్పీ. నిలబడ్డ మనిషి దబ్బున బోర్లా పడాలి, మళ్లీ లేవాలి, చేతులెత్తి ఎగరాలి. మా కేసముద్రంలో ఎవరైనా ఇలా పడిలేచి ఎగిరితే వెంటనే వేపమండలు తెస్తారు. ఇక్కడ మాత్రం "శాబాష్, ఇంకోటి!" అంటారు.

పైగా ఒక నియమం. మధ్యలో ఒక్కరు ఆగితే అందరికీ శిక్ష. అందుకని పక్కవాళ్లకు భయపడి అందరం చచ్చినట్టు ఎగిరేవాళ్లం.

ఒకరోజు సుబేదార్ సాబ్ అందరికీ తలా ఒక ఖాళీ మిలటరీ గుడ్డ సంచి ఇచ్చాడు.

"రేపట్నుంచి భుజం మీద సంచి ఏసుకొని ఉరుకుడు. ఎవల సంచి ఆళ్లే ఇంటికాడ నింపుకోవాలె. పదిహేను కిలోల ఇసుక. మూతి కుట్టుకొని తెండ్రి" అన్నాడు.

"తూకం ఎట్ల సార్?" అని అడిగింది స్వరూపక్క. ఆమె భర్త కూడా మిలటరీలోనే ఉన్నాడు.

సుబేదార్ సాబ్ మీసం దువ్వాడు. "తూకం గీకం లేదు బిడ్డా. ఫౌజ్‌ల మాటే తరాజు. నింపిన్నంటె నింపినట్టే."

పట్టాళంలో మాటే త్రాసట, ఎంత గొప్ప మాట! మాలాంటివాళ్లకు చెప్పకూడని మాట.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎట్ల నడుస్తుంది కసరత్తు?"

"మంచిగ నడుస్తుంది. సంచులు గూడ ఇచ్చిండు. పదిహేను కిలోలు!"

"లేపినవా?"

"లేపుడేంది? భుజం మీద ఏసుకొని హాలంత ఉరికిన!"

అప్పటికి ఆ సంచి ఖాళీగా గోడ మేకుకు వేలాడుతోంది.  అటువైపు ఆయన గొంతు మారిపోయింది.

"నిజమా రజితా? ఆగు, మావోళ్లందరికి చెప్త!"

వద్దనేలోపే చెప్పేశాడు. పది మంది కేకలు, చప్పట్లు నాకు వినబడ్డాయి. "మా సాబ్ గూడ శాబాష్ అన్నడు" అన్నాడు పొంగిపోతూ. ఇక నేను వెనక్కి ఎలా పోతాను? నా మాట పోతే పోయింది, నన్ను చూసుకుని ఛాతీ విరుచుకున్న ఆయన పరువేం కావాలి?

పెరట్లో బాత్రూం కట్టగా మిగిలిన ఇసుక ఉంది. సంచి నింపాను. వంగి లాగాను. సంచి కదల్లేదు, నేనే దాని మీద వాలిపోయాను. అత్తమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది.

"ఏమైందే? ఇసుక బస్తను అలుముకున్నవ్?"

"కసరత్తు అత్తమ్మా."

"మోసుడే కసరత్తయితె పక్కింట్ల మేస్త్రీ పని నడుస్తుంది గద. ఆడికి పో, కూలి గూడ ఇస్తరు."

సరిగ్గా అప్పుడే నా కళ్లు అటక మీద పడ్డాయి. కొత్త పరుపు కుట్టించుకోమని నాయిన పంపిన పత్తి అక్కడుంది. పత్తి మీద నీళ్లు చల్లి బరువు పెంచే మోసగాళ్ల గురించి నాయిన కథలు కథలుగా చెప్పేవాడు. బరువు తగ్గించే మోసాన్ని మాత్రం మా వంశంలో నేనే కనిపెట్టాను! ఇసుకంతా కుమ్మరించి, సంచిలో పత్తి కూరాను. రోకలితో దంచి దంచి కూరాను. ఊపితే చప్పుడు రావాలి కదా, అడుగున నాలుగు గుప్పెళ్లు ఇసుక పోశాను. మూతి కుట్టాను. చూడ్డానికి పోతపోసిన ఇసుక సంచే.

మర్నాడు పరుగు మొదలైంది. అందరూ మూలుగుతూ, కళ్లు తేలేస్తూ పరిగెత్తుతున్నారు. నేను లేడిపిల్లలా ముందు దూసుకుపోతున్నాను. ఆయాసపడాలన్న ముక్కే మరిచిపోయాను.

"రుకో!" అని సుబేదార్ సాబ్ అరిచాడు. నా ప్రాణం పైకి పోయి కిందికి వచ్చింది. పట్టేశాడు, అయిపోయిందనుకున్నాను.

"గీ బిడ్డను జూడుండ్రి!" అన్నాడాయన, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. "చెమట లేదు, ఆయాసం లేదు. ఫౌజోని పెండ్లామంటే గిట్లుండాలె!"

మిగతావాళ్లంతా దొంగకు తేలు కుట్టినట్టు తలలు దించుకున్నారు. పాపం, నా మీద అసూయ అనుకున్నాను. చూశారా నా తెలివి!

ఆయన తన సంచి కూడా భుజానికెత్తుకుని మా ముందు పరిగెత్తేవాడు. "వయసు మీద వడ్డా నాకు గీ సంచి దూదిపింజ లెక్క!" అని మురిసిపోయేవాడు. ఆ మాట వినబడినప్పుడల్లా నేను గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకునేదాన్ని. అత్తమ్మ మెట్లెక్కుతుంటే చూసి, ఎలా రొప్పాలో ఇంట్లోనే సాధన చేసి, త్వరలోనే రొప్పడంలో కూడా మొదటి స్థానం సంపాదించాను.

దసరా దగ్గర పడింది. సుబేదార్ సాబ్ పాత అధికారి, రిటైర్డ్ కర్నల్ గారు వస్తున్నారన్నారు. ఆయుధపూజ రోజున ఇళ్లవాళ్లందరినీ పిలిచి మా కసరత్తు చూపిస్తారట. అందరికంటే ముందు సంచి మోసేది ఎవరు? ఇంకెవరు, నేనే!

ఇంటికి తీసుకుపోయి రాత్రికి రాత్రి ఇసుక నింపేస్తానని సంచి చంకన పెట్టుకుని బయల్దేరాను.

"ఆగు బిడ్డా! సంచులన్ని గీడ్నే ఉండాలె. పూజకు పెడుతున్నం. తాళమేస్త" అన్నాడు సుబేదార్ సాబ్.

"ఒక్క రోజు సార్! కుట్టు జర ఊడింది..."

"నేను గుడ్త తియ్. సూది నా దగ్గర్నే ఉన్నది."

"ఊడలే సార్, ఊడలే!" అని సంచి అక్కడ పెట్టి పరుగున ఇంటికొచ్చాను.

ఇంట్లో ఇంకో బాంబు. "పరుపులు కుట్టేటాయన వచ్చిండే. అటక మీద పత్తి ఏది?" అని అడిగింది అత్తమ్మ.

"ఎలుకలు..." అన్నాను.

"గంత పత్తి ఎలుకలు ఎత్కపోయినయా? ఆటిగ్గూడ పెండ్లిళ్లా, పరుపులు కుట్టిస్తున్నయా ఏంది?"

పండగ రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. సంచులన్నీ వరసగా పేర్చి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. దేవుడా, పత్తికి పూజ చేయిస్తున్నావా అని కళ్లు మూసుకున్నాను. ముందు వరసలో సుబేదార్ సాబ్ భార్య సత్తెక్క కూర్చుంది. ఆమె పక్కన మా అత్తమ్మ, చేతిలో ఫోన్. వీడియో కాల్‌లో మా ఆయన. ఆయన వెనకాల తలకాయల మీద తలకాయలు, వాళ్ల పట్టాళమంతా అక్కడే ఉంది!

ఈల మోగింది. సంచి ఎత్తాను, పరిగెత్తాను, నేర్చుకున్నదంతా రొప్పాను. చప్పట్లు మోగిపోయాయి. "రజితా! రజితా!" అని ఫోన్‌లోంచి అరుపులు. సంచి కింద పెట్టి దండం పెట్టాను. గండం గడిచింది, ఇక బయటపడ్డట్టేనని ఊపిరి పీల్చుకున్నాను.

కర్నల్ గారు లేచి నిలబడ్డారు.

"భేష్ అమ్మా! నేనూ ఒక్కసారి ఎత్తి చూస్తాను."

"వద్దు సార్! నడుము వట్టుకుంటది సార్!" అని అడ్డం పడ్డాను.

"సాబ్ అంటే ఏమనుకున్నవ్ బిడ్డా? జరుగు" అని సుబేదార్ సాబ్ నన్ను పక్కకు జరిపాడు.

కర్నల్ గారు బెల్టు బిగించారు. కాళ్లు ఎడంగా పెట్టారు. గుండెల నిండా గాలి పీల్చి, పదిహేను కిలోల బరువుకు సరిపడా బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని, "జై హింద్!" అంటూ ఒక్క గుంజు గుంజారు.

సంచి ఆయన చేతుల్లో ఆగలేదు. తల మీదుగా లేచి తిరుగుతున్న ఫ్యాన్‌ను కొట్టుకుంది. ఆయన సంచి వెనకాలే వెల్లకిలా పోయి, దండలకు మిగిలిన బంతిపూల కుప్పలో పడ్డారు. ఫ్యాన్ రెక్క తగిలి సంచి కుట్టు పర్రున విచ్చుకుంది. ఇక చూడండి! పత్తి! హాలంతా పత్తి! తలల మీద, దండల మీద, కర్నల్ గారి మీసాల మీద, తెరిచిన నోళ్లలో. అందరి నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి మరి.

 అప్పుడు ఫోన్‌లోంచి మా ఆయన గొంతు వినబడింది.

"రజితా... ఆడ గూడ మంచు వడుతుందా?"

అత్తమ్మ కొంగు మీద పడ్డ పత్తి తీసి, వేళ్లతో నలిపి చూసింది. "ఓసి నీ... గిది మా పరుపు పత్తి గాదూ!"

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. అది సీతమ్మకైతే బద్దలైంది గానీ నాలాంటిదానికి ఎందుకు బద్దలవుతుంది? సుబేదార్ సాబ్ ముఖం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

"ఒక్కరు జేసిన తప్పు అందరిది. అన్ని సంచులు ఇప్పుండ్రి. మిగిలినోళ్లన్న నిజమైన ఫౌజోళ్లని సాబ్‌కు జూపెడుదం" అన్నాడు.

ఎవరూ ముందుకు రాలేదు. స్వరూపక్క వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఆయనే కత్తి తీసుకుని ఆమె సంచి కోశాడు. బుస్సున ఊక కారింది. పక్కదాంట్లో పాత చీరలు. ఆ పక్కదాంట్లో గింజలొలిచిన మక్క బెండ్లు! నేను నోరెళ్లబెట్టాను. ఇన్నాళ్లూ నా పక్కన మూలిగిన మూలుగులన్నీ దొంగ మూలుగులా! ఎంత అన్యాయం! మనుషుల్లో నిజాయితీ అన్నది లేకుండా పోయిందని నాకు ఒళ్లు మండిపోయింది.

"నా సంచి తెండ్రి!" అని గర్జించాడు సుబేదార్ సాబ్. "ఇసుకంటే ఎట్లుంటదో కండ్లార జూడుండ్రి!"

ముందు వరసలో సత్తెక్క దిగ్గున లేచింది. "ఇడిసిపెట్టయ్యా ఇగ. అన్నాలు సల్లారుతున్నయ్."

ఆయన వినలేదు. సర్రున కోశాడు. సంచిలోంచి ఆకుపచ్చ ఉన్ని చెయ్యి ఒకటి బయటికి వేలాడింది. పట్టుకుని లాగాడు. స్వెటర్ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మఫ్లర్.

"గివి... నా స్వెటర్లు! పురుగులు కొట్టినయంటివి గద?"

"నీ మోకాలికి ఆపరేషనైనంక బరువు లేపొద్దని దవాఖానల చెప్పలేదా?" అంది సత్తెక్క.  "నేను చెప్తె ఇన్నవా? గందుకే ఇసుక తీసి గివి నింపిన. తిడ్తె తిట్టు."

ఆయన ఆ స్వెటర్ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. అప్పటిదాకా భయమే తప్ప ఇంకేమీ లేని నాకు అప్పుడు నిజంగా సిగ్గేసింది. మా అందరి మాటనూ తరాజనుకున్న మనిషి ఆయన. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పయింది సార్" అన్నాను. ఏడుపొచ్చింది.

పూలలోంచి లేచిన కర్నల్ గారు నోట్లోని పత్తి తీసేసుకుంటూ దగ్గరికొచ్చారు.

"సుబేదార్! ఒకరి తప్పుకు అందరికీ శిక్ష అని నేను కొత్తగా చేరినప్పుడు నేర్పింది నువ్వే. పద, బయట ఇసుక ఉంది. ఎవరెంత మోయగలరో అంతే నింపాలి. ఎంత నింపారో పైకి చెప్పాలి."

అందరం నింపాం. నా వంతు వచ్చినప్పుడు హాలంతా వినేలా "మూడు కిలోలు" అని చెప్పాను. సుబేదార్ సాబ్ తన సంచి సత్తెక్క ముందు పెట్టి, "ఎంత పొయ్యమంటవో నువ్వే పొయ్యి" అన్నాడు. ఆమె ఒక్క గుప్పెడు పోసి మూతి కట్టేసింది.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. మూడోసారి మోగాక ఎత్తాను.

"నీ పరువు తీసిన" అన్నాను ఏడుస్తూ. "మీవోళ్లందరు జూసిండ్రా?"

"అందరు జూసిండ్రు."

"మీ సాబ్ గూడ?"

"జూసిండు."

"ఏమన్నరు?"

ఆయన గొంతు బాగా తగ్గించాడు. "రేపట్నుంచి మాకు బరువులు మోసుకుంట కొండెక్కుడున్నది. గసొంటి సంచులు మాగ్గూడ కుట్టి పంపుమంటుండ్రు. మా సాబ్‌కు రెండు కావాల్నట."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పసుపు రాసిన సంచి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఇసుక నింపాల్సిన చోట పత్తి నింపను. మోయని బరువు మోశానని కట్టుకున్నవాడికి ఫోన్‌లో చెప్పను. చెప్పక తప్పకపోతే, ముందు ఫ్యాను ఆపేస్తాను.