చోప్ చేసిన సీటు

ఇదిగో, ఈ వేడి కాఫీ గ్లాసు మీద అరచెయ్యి పెట్టి చెబుతున్నాను. కాలుతోంది... అయినా తీయను. చెప్పబోయే ప్రతి మాటా నిజం.

"చెయ్యి తియ్యండి అన్నయ్యగారూ, బొబ్బలెక్కుతుంది," అంది లలిత.

"వీడి ఒట్లు మనకి కొత్తా? ఉడుము లిఫ్టెక్కి మూడో ఫ్లోర్‌లో దిగిందని కూడా ఇలాగే చెప్పాడు," అన్నాడు ఆమె భర్త ప్రసాదు.

ఉడుము సంగతి వేరు. ఇది వేరు.

సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లో ప్రసాదు వాళ్ల ఫ్లాట్ పక్కనే ఉన్న హాకర్ సెంటర్, అదే, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు. మేం ముగ్గురం శనివారాలు కూర్చునే బల్ల. ముందుగా వచ్చేది ఎప్పుడూ నేనే. పెళ్లాం పిల్లలు లేనివాణ్ణి. నేనుండే వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కి వచ్చేస్తాను. ఒక కుర్చీలో కూర్చుని, మిగతా రెండింటి మీద చెరో టిష్యూ ప్యాకెట్ పెడతాను. దాన్నే ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు. ప్యాకెట్ ఉన్న కుర్చీ జోలికి ఇక ఎవరూ రారు. రావాల్సినవాళ్లు వచ్చి, ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టి, కూర్చుంటారు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

బ్రిటన్‌లో వేల్స్ వెళ్దామన్నది ప్రసాదే. ఊరికి దూరంగా కొండల్లో ఒక ఇల్లు, అద్దె కారు, వారం పాటు ఊరికే తిరగడం. సింగపూర్‌లో మనకు కారెక్కడిది? స్టీరింగ్ పట్టుకుని ఏళ్లయింది. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. తీరా టికెట్లు కొన్నాక వాళ్ల అమ్మాయికి పరీక్షలన్నారు. ఆఫీసులో ప్రాజెక్టన్నారు. "నువ్వు వెళ్లిరారా, మా వాటా కూడా చూసిరా," అన్నాడు ప్రసాదు. వెళ్లాను. ఒక్కణ్ణే.

బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. కొండ నడుముకు మొలతాడు కట్టినట్టు సన్నటి రోడ్డు. అటూ ఇటూ రాతి గోడలు. గోడ మీంచి తొంగిచూసే గొర్రెలు. మలుపు తిరిగితే చాలు, ఎండ పడిన లోయ ఒక్కసారిగా కిందకి జారిపోతుంది. "అబ్బ, చూశావా!" అంటాను. పక్క సీటు ఖాళీ. రెండు రోజులు అలా అన్నాను. తర్వాత అనడం మానేశాను.

ఆ సాయంత్రం కొండ మీద ఒక చెక్క బెంచీ కనిపించింది. లోయకేసి తిరిగి ఉంది. చుట్టూ మనిషన్న జాడ లేదు. ఫ్లాస్కులో టీ తీసుకుని కూర్చున్నాను. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. టిష్యూ ప్యాకెట్ తీసింది. పక్కన పెట్టింది.

"ఎవరి కోసంరా చోప్ చేశావ్? గొర్రెల కోసమా?" అని పగలబడి నవ్వాడు ప్రసాదు.

నేనూ అప్పుడు అలాగే నవ్వుకున్నాను. కానీ ప్యాకెట్ తియ్యలేదు. టీ అయ్యేదాకా దాన్ని అక్కడే ఉంచాను. చీకటి పడుతుంటే లేచి, ప్యాకెట్ తెచ్చి కారులో పక్క సీటు మీద పడేశాను.

దిగుతున్నాను... మబ్బు రోడ్డు మీదికే దిగింది. లైట్ల ముందు తెల్లటి గోడ. రేడియో పలకదు. ఫోనులో సిగ్నల్ లేదు. టైర్ల కింద తడి చప్పుడు... అంతే.

టింగ్.

ఉలిక్కిపడ్డాను.

టింగ్... టింగ్... టింగ్...

ఎదురుగా ఎర్రదీపం. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని.

"బ్యాగు పెట్టుంటావ్," అన్నాడు ప్రసాదు.

"బ్యాగు డిక్కీలో ఉంది."

"ఫ్లాస్కు?"

"డోర్‌లో."

"అయితే సెన్సార్ పోయుంటుంది. అద్దె కార్లంతేరా."

అయ్యుండొచ్చు. నేనూ అదే అనుకున్నాను. గోడ వారగా కారు ఆపాను. పక్కకి చూడబుద్ధి కాలేదు. ముందు లోపలి లైటు వేశాను. తర్వాత... మెల్లగా... తల తిప్పాను.

సీటు ఖాళీ.

మరీ ఖాళీ. టిష్యూ ప్యాకెట్ కూడా లేదు.

కిందపడిందేమోనని వంగి చూశాను. లేదు. సందులో వెతికాను. లేదు. తల ఎత్తాను... ఆ సీటుకి ఎదురుగా, డాష్‌బోర్డు మీద ఉంది. నీటుగా. అంచుకి సమంగా. కూర్చునే ముందు ఎవరో తీసి పెట్టినట్టు.

మలుపుల్లో వస్తువు జారి కిందపడుతుంది. పైకెక్కుతుందా?

ప్రసాదు ఈసారి నవ్వలేదు. లలిత తన ముందున్న టిష్యూ ప్యాకెట్‌ని వేలితో కొంచెం అవతలికి నెట్టింది.

టింగ్... టింగ్...

చెయ్యి చాపాను. బెల్టు లాగాను. ఖాళీ సీటు మీదుగా తెచ్చి... నొక్కాను. క్లిక్. చప్పుడు ఆగింది. ఆ తర్వాతి నిశ్శబ్దం ఉంది చూశారూ... అది ఒక్క మనిషున్న కారులో నిశ్శబ్దంలా లేదు.

ఇంటి ముందు కారు ఆపగానే దూకాను. పరుగున లోపలికెళ్లి గడియ పెట్టాను. నిండా దుప్పటి కప్పుకుని తెల్లారేదాకా చెమటలు కక్కాను.

"ఇంతకీ ఏమంటావ్? ఏమిటది?" అన్నాడు ప్రసాదు.

"తెలీదు. ఇప్పటికీ తెలీదు."

"మేమూ వచ్చుంటే బాగుండేది అన్నయ్యగారూ," అంది లలిత. ప్రసాదు గ్లాసులో మిగిలింది తాగేశాడు. కాసేపటికి ఇద్దరూ ఇంటికెళ్లారు.

కాఫీ చల్లారింది. గ్లాసు మీంచి చెయ్యి తీశాను కాబట్టి మీకొక్కరికే చెబుతున్నాను. ప్రసాదుతో అనకండి. బెంచీ నిజం. టింగ్‌టింగ్ నిజం. ప్యాకెట్ డాష్‌బోర్డు ఎక్కడమూ నిజం. పరుగెత్తడం, గడియ, దుప్పటి... నేను కల్పించింది ఆ ఒక్క ముక్కే.

పరుగెత్తలేదు. ఇంజను ఆపి, ఆ ఇంటి ముందు కారులోనే కూర్చున్నాను. మబ్బు విడి లోయలో వెన్నెల పడింది. "అబ్బ, చూశావా!" అన్నాను. ఎన్నాళ్లకో. ఉడుము లిఫ్టెక్కిన కథ మొత్తం చెప్పాను. కోతలని ఎవరూ అడ్డు తగల్లేదు.

తెల్లారి లోపలికెళ్లాను. కారు తిరిగి అప్పగించేదాకా ఆ బెల్టు మాత్రం విప్పలేదు.

విప్పితే దిగిపోతారేమోనని.