చక్కెరకేళి పక్కన గులాబీలు

మా బోటనీ మాస్టారు పోయారని కడియం పూల మార్కెట్లో తెలిసింది. గులాబీలు తూకం వేయిస్తున్న రైతు ఒకాయన, "మీ మాస్టారు తెల్లారగట్ల పోయారంటండి. ఈ బుట్ట ఆయనకే, మీరు పట్టుకెళ్లండి" అన్నాడు. రాజమండ్రి బస్సెక్కాను. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మీలో ఎవరైనా ఆయన దగ్గర చదువుకుని ఉంటే గుర్తుండే ఉంటుంది, వాడిన పువ్వును పారేయనిచ్చేవారు కాదు. "ఇథిలీన్ అని గాలిలాంటి హార్మోనురా. అది పుట్టిందంటే కణం చుట్టూ ఉన్న పొర పాడైపోతుంది, లోపలి ఉప్పులన్నీ బయటికి కారిపోతాయి. వాడినట్టు మనకి కనిపించేసరికే సగం పని అయిపోతుంది" అనేవారు. రేకులు నీళ్లలో వేసి, ఎంత ఉప్పు కారిందో మీటరుతో చూసేవారు. ముల్లు పైకి పోతుంటే జ్వరం చూసినట్టు దిగులుపడేవారు.

దూరం ఊళ్లకు పంపే పూలు దారిలోనే వాడిపోతున్నాయని రైతులు మొరపెట్టుకుంటే, రిటైరయ్యే ఏడాది ఒక మందు పరీక్షకు పెట్టారు. పువ్వులో ఇథిలీన్ పుట్టకుండా ఆపే మందు అది. బయటి నుంచి వచ్చేదాన్ని ఆపే శక్తి మాత్రం దానికి లేదు. మందు నీళ్లలో కొన్ని గులాబీలు, మామూలు నీళ్లలో కొన్ని పెట్టి ల్యాబ్ బీరువాలో ఉంచారు. ఆ రోజే నేను ఆయనకని మా తోటలో పండిన చక్కెరకేళి అరటిపళ్ల అత్తం తెచ్చాను. ఆయన క్లాసులో ఉన్నారు. బల్లమీద పెడితే ఎలకలు కొరుకుతాయని అదే బీరువాలో పెట్టి తలుపేశాను.

మర్నాడు పొద్దున్నే పళ్లు తీసి ఆయన చేతికిచ్చాను. పూలు మాత్రం రెండు వైపులా ఒకేలా వేలాడుతున్నాయి. "మళ్లీ చూడాలండి, ఇప్పుడే వాడకండి" అని రైతులకు కబురు పెట్టారు. మళ్లీ పెట్టే వీలు చిక్కేలోపే ఆ వేసవికి రిటైరయ్యారు. ఆ తర్వాత చూడటానికి ల్యాబ్ లేదు. మాస్టారి మందు నీళ్లపాలైందని మార్కెట్లో నవ్వుకున్నారు. ముగ్గిన అరటిపళ్లు కూడా ఇథిలీన్ వదులుతాయని, నేను పళ్లు ఇచ్చిన మరుసటి వారం ఆయన పాఠంలోనే విన్నాను. రెండు వైపులా పూలు వాడింది నా పళ్ల వల్లేనని అర్థమైంది. నోరు విప్పలేదు. పిరికితనం, అంతే.

పెద్దకర్మ రోజు ఆయన భార్యతో అంతా చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలుసు బాబూ. ఆ పళ్ల మధ్య గులాబీ రేకు ఇరుక్కుని ఉంది. పిలిచి అడగండి అన్నాన్నేను. 'వాడే చెప్తాడులే' అన్నారు. అడిగినప్పుడల్లా అదే మాట."

ఈ ఎనిమిదేళ్లలో ఆయన ఎప్పుడు ఎదురుపడినా సైకిలు దిగి కుశలం అడిగేవారు. మాటలు అయిపోయాక కూడా వెంటనే కదిలేవారు కాదు. హ్యాండిల్ పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కాసేపు ఆగేవారు. నేను నమస్కారం పెట్టేవాణ్ణి. ఆయన మెల్లగా సైకిలెక్కి వెళ్లిపోయేవారు.