మనుషులయ్య తరఫున యంత్రాలమ్మ

ఆఫీసులో ఆవిడను అందరూ యంత్రాలమ్మ అనేవారు. చంద్రుడి మీదికి, ఆపైన అంగారకుడి మీదికి రాబోయే దశాబ్దాల్లో ఏమేం పంపాలో ముందే ఆలోచించి పెట్టే ఆఫీసు అది. యంత్రాలను పంపే పథకాలు ఆవిడవి. మనుషులను పంపే పథకాలు గోడకు అవతలి గదిలో ఆవిడ భర్తవి. ఆయన మనుషులయ్య. ఇంతకన్నా మంచి పేర్లు పెట్టడం ఆ ఇంజినీర్లకు చేతనైతేగా!

రాకెట్టు ఒకటే, అది మోసే బరువూ ఇంతే. ఆయనకు కాస్త ఎక్కువిస్తే ఈవిడకు కోత. అందుకే పగలంతా ఆఫీసులో, పొద్దుగూకాక వంటింట్లో, ఇద్దరూ ఉప్పూ నిప్పే.

"మీ మనిషికి గాలి కావాలి, నీళ్లు కావాలి, పైగా క్షేమంగా వెనక్కి తేవాలి. నా బండికి ఎండ చాలు," అనేది ఆవిడ.

"నీ బండి రాళ్లు తవ్వుతుందే గానీ, అబ్బ ఎంత బాగుందో అంటుందా?" అనేవాడాయన, ఉల్లిపాయలు తరుగుతూ.

ఆ గొడవల్లో ఎన్ని కూరలు మాడాయో! ఎంత హాయి రోజులవి.

పోయినేడు ఆయన గుండెపోటుతో పోయాడు. మొన్న, చంద్రుడి మీద మనుషులుండే గది కట్టాలా, ఆ పథకమే కొట్టేయాలా అని తేల్చే సమావేశం వచ్చింది. ఆయన జీవితమంతా ధారపోసిన పథకమది. ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది: తుది వాదనలో ఎవరైనా ఎదుటి పక్షం తరఫునే మాట్లాడాలి. ఓటు మాత్రం ఎవరిష్టం వారిది.

"ఆ గది తరఫున మీరే మాట్లాడాలమ్మా," అన్నాడు పెద్దసారు, నసుగుతూ.

ఆవిడ లేచింది. మాట్లాడింది చూడాలి! తను ఇన్నేళ్లూ వేసిన ప్రతి అడ్డుపుల్లనూ తానే తీసిపారేసింది. ఆయన బతికున్నా ఇంత బాగా చెప్పగలిగేవాడు కాదు.

సమావేశంలో చేతులన్నీ లేచాయి. పథకం నిలిచింది. ఆవిడ చెయ్యి మాత్రం బల్ల మీదే ఉంది.

"అదేంటమ్మా! మమ్మల్నందర్నీ ఒప్పించి, మీరే ఒప్పుకోరా?" అన్నాడు పెద్దసారు.

"ఎలా ఒప్పుకోమంటారు? నేను కూడా సరేనంటే, ఇక ఆయనతో పోట్లాడడానికి నాకేం మిగులుతుంది?"