ముల్లు మీద రూపాయి బిళ్ళ

జనగామ బస్టాండు వెనక జగపతికి మైకుసెట్ల దుకాణం ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పెళ్లిళ్లలో రికార్డులు మోగిన రోజుల నుంచి అదే పని. ఇప్పుడు పాత రికార్డు ప్లేయర్లు బాగుచేస్తున్నాడు.

కాటారం నుంచి శైలజ అనే అంగన్‌వాడీ టీచర్ ఒక రికార్డు తెచ్చింది. ఆమె తండ్రి సాంబయ్య ఒగ్గుకథ చెప్పేవాడు. ఒక కంపెనీ నమూనా కోసం ఆయన కథను ఒకే ఒక్క రికార్డు మీద ఎక్కించింది. తర్వాత అమ్మడానికి కాపీలు అచ్చు వేయలేదు. శైలజకు ఆరు నెలలప్పుడు ఆయన చనిపోయాడు.

“మా బాపు గొంతు ఎట్లుంటదో నాకు తెల్వదన్నా. ఒక్కపారి ఇనాలె. ఫోన్ల ఎక్కియ్యి.”

“యాభై ఏండ్లు ఆగినవ్, పది రోజులు ఆగలేవా చెల్లె?” అని నవ్వాడు జగపతి.

నమూనా రికార్డు పూత మెత్తన. పాత ముల్లు దాన్ని గీరేస్తుంది. అందుకని హైదరాబాద్‌లో రికార్డులు సేకరించే శ్యాం, సున్నితమైన ముల్లున్న కొత్త కార్ట్రిడ్జ్ పంపి ఫోన్ చేశాడు.

“నీ ప్లేయర్ల ముల్లును మోసే చెయ్యి బరువన్నా. గీ ముల్లుకు పొసగదు, ఎగురుతది. తేలికైన చెయ్యి ఇంకోటి శుక్రవారం వస్తది. గప్పటిదాంక ముట్టకు.”

“నువ్వు పుట్టకముందుకెల్లి ముల్లు పెడుతున్న తమ్మీ. నాకు నేర్పుతున్నవా?”

శైలజ గురువారం వస్తానంది. ఆమె వచ్చేసరికి సిద్ధంగా ఉంచాలని బుధవారం పొద్దున్నే జగపతి పాత చేతికి కొత్త కార్ట్రిడ్జ్ బిగించాడు. ముందు ముల్లు కుదిరితే, తర్వాత ఫోన్‌లోకి ఎక్కించొచ్చనుకున్నాడు. సాంబయ్య రికార్డు మీద పెడితే ముల్లు వణికింది, గాడి దాటి ఎగిరింది. పెళ్లి పందిట్లో జనరేటర్ అదురుకు ముల్లు ఎగిరితే మైకుసెట్టు వాళ్లు దాని తల మీద రూపాయి బిళ్ళ పెట్టేవాళ్లు. జగపతి అదే చేశాడు.

గొంతు నిలబడింది. అర నిమిషం. తర్వాత ముల్లును పట్టుకున్న సన్నని కాడ మడతపడింది. కార్ట్రిడ్జ్ అడుగు రికార్డుకు ఆని, పూతను దున్నుకుంటూ నడుమ దాకా జారిపోయింది. ఇంకో ముల్లు మార్చి మొదటి నుంచి పెట్టి చూశాడు. గరగర తప్ప ఏమీ రాలేదు. రెండో వైపు ఖాళీ.

మర్నాడు శైలజకు ఏదీ దాచకుండా చెప్పాడు.

“పెట్టొద్దని ఎవ్వలు చెప్పలేదా నీకు?”

“చెప్పిండ్రు.”

ఆమె రికార్డు మీది గీతను వేలితో తడిమింది. “నువ్వైతే ఇన్నవ్ గదా. ఎట్లుండె మా బాపు గొంతు?”

“జర బొంగురు. మస్తుగుండె.”

అది అబద్ధమని జగపతే తర్వాత శ్యాంతో చెప్పాడు. ఆ అర నిమిషమూ అతని చెవి ముల్లు వణుకు మీదే ఉంది. ఆగిందా లేదా అన్నదే విన్నాడు. కథ చెబుతున్న మనిషిని వినలేదు.

“నాది గూడ జర బొంగురే గదన్నా,” అంది శైలజ.

జగపతి తలూపాడు.