ఫోన్లో ఉన్న తొవ్వ

ఫోన్లో దారి చెప్పే ఆ ఆడగొంతు వింటేనే నాకు ఒళ్లు మంట. మనల్ని తీసుకుపోయి ముళ్లకంపలో పడేసినా దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఎంత తిట్టినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. "నేరుగా వెళ్లండి" అంటుంది.

చేవెళ్లలో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. మా నాన్న కాలం నుంచీ సరుకు చేల దాకా మేమే చేరుస్తాం. మొయినాబాద్ దాకా ప్రతి బండ్ల బాటా నాకు తెలుసని ఒకప్పుడు గొప్పలు పోయేవాణ్ణి. ఇప్పుడు చింతచెట్టు దగ్గర తిరుగు, మోటబావి దగ్గర తిరుగు అంటే ఎక్కడ తిరగను? చెట్టూ లేదు, బావీ లేదు. ఎటు చూసినా ఫాంహౌజుల గోడలే. అందుకే నేనూ ఫోనుకు లొంగిపోయాను. ఉన్నమాట చెప్పొద్దూ, మేలు కూడా చేసింది. చిల్కూరు గుడికి జనం పోటెత్తిన రోజున ఊళ్ల వెనక నుంచి తప్పించి, దొంతన్‌పల్లిలో మా అమ్మాయిని పరీక్ష టైముకు దింపించింది. ఆ పూట దానికి దండం పెట్టాను.

ఎంకపల్లి దగ్గర ఒక అవ్వకు రెండెకరాల చేను ఉంది. క్యారెట్, బీట్‌రూట్ వేస్తుంది. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేస్తోంది. ఆదివారం చర్చికి వెళ్లే పూట తప్ప చేలోనే ఉంటుంది. ఎప్పుడూ తనే దుకాణానికి వచ్చి సరుకు తీసుకుపోయేది. మొన్న ఎండాకాలంలో మాత్రం డ్రిప్పు పైపులు బరువని నన్ను తెచ్చిమ్మంది. పక్క చేను రైతు పంపిన లొకేషన్ ఫోన్లో పెట్టుకుని సరుకు వ్యాను తీశాను.

ఫోను నన్ను తారురోడ్డు దింపి రెండు గోడల మధ్యకు తోలింది. చివర నిలువెత్తు ఇనుప గేటు, దానికి తాళం. "నేరుగా వెళ్లండి" అంది ఫోను. లోపలి నుంచి వాచ్‌మన్ వచ్చాడు.

"ఇటు తొవ్వ లేదు సార్. ప్రైవేటు. బండి మల్పుకోండ్రి."

మలపడానికి జాగా ఏది? వెనక్కే నడుపుకుంటూ వచ్చాను. అద్దం గోడకు తగిలి పగిలింది. నా కోపం నషాళానికి అంటింది. అక్కడే బండి ఆపి, ఫోన్లో తప్పులు చెప్పే చోటు వెతికి, 'ఇక్కడ రోడ్డు లేదు' అన్నది నొక్కి, గేటు ఫోటో కూడా తీసి పంపాను. నాలాగా ఇంకొకడు ఇరుక్కోకుండా లోకోపకారం చేశాననుకున్నాను.

ఊరంతా చుట్టి పక్క రైతు చేనుకు చేరి, అక్కణ్ణించి గట్టు మీదుగా పైపులు మోసుకుంటూ అవ్వ చేలోకి వెళ్లాను. చెమటలు కారుతున్నాయి.

"ఫోను లేని తొవ్వ చూపెడుతున్నది అవ్వా" అన్నాను.

అవ్వ నా చేతిలో పైపుల కట్ట అందుకుని కింద పెట్టింది. "ఎందుకు లేదు సేటు? అదే నా తొవ్వ. మా మామ ఎడ్లబండి తోలిన తొవ్వ. మొన్న సలికాలంల ఫాంహౌజోళ్లు గేటు పెట్టిండ్రు. గాళ్లు కొన్న భూమి తొవ్వకు అటు దిక్కు, ఇటు దిక్కు. నడిమిట్ల తొవ్వ అమ్మినోడు ఎవడు?"

ఇప్పుడు ఆమె క్యారెట్ సంచులు పక్క రైతు గట్టు మీదుగానే బయటికి రావాలి. అతను కంచె వేసేదాకే ఆ దయ. ఆ తర్వాత చేను ఉన్నా లేనట్టే. "తొవ్వ లేకుంటే నేనే అమ్ముకొని పోతనని సూస్తున్రు" అంది అవ్వ.

నా కోపం గేటు మీదికి మళ్లింది. నేను తిట్టిపోసిన ఫోను నిజమే చెప్పింది. అబద్ధం ఆ గేటుది. "దరఖాస్తు పెడదాం అవ్వా. ఫోన్ల గూడ తొవ్వ ఉన్నది, నేను చూపెడ్త" అని మాట ఇచ్చాను. ఇందాక నేను నొక్కినదేమిటో ఆ ఆవేశంలో నాకు గుర్తే లేదు.

తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టిన రెండు నెలలకు సర్వేయరు వచ్చాడు. గేటు ముందు ఫాంహౌజు మేనేజరు నవ్వుతూ నిలబడ్డాడు.

"ఈడ ఎన్నడు తొవ్వ లేదు సార్. ముసలామె ఊకె చెప్తున్నది."

అవ్వ నా వైపు తిరిగింది. "సేటు, ఫోను తియ్యి. సార్‌కు చూపెట్టు."

తీశాను. తారురోడ్డు ఉంది. గోడలున్నాయి. ఆ తర్వాత అంతా ఉత్త పచ్చరంగు. కింద ఎప్పుడో వచ్చిన సందేశం ఉంది: మీరు చెప్పిన మార్పు చేశాం, ధన్యవాదాలు. మేనేజరు నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"చూసిండ్రా సార్, ఫోన్ల గూడ లేదు."

"ఉండె సార్" అన్నాను. "కోపంల నేనే తీసేయించిన."

పాత రికార్డు చూసి చెబుతామని సర్వేయరు వెళ్లిపోయాడు. అవ్వ గేటు వైపు చెయ్యి చూపింది. "గాళ్లు ఇనుముతోని మూసిన్రు" అంది. "నువ్వు ఉత్త యేలుతోని మూసినవా సేటు."

తొవ్వ తిరిగి పెట్టమని ఆ ఫోనుకు నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ ఒకటే జవాబు, రోడ్డు ఫోటో పంపమని. తొవ్వ గేటు లోపల ఉంది, వాచ్‌మన్ నన్ను రానివ్వడు. తీసెయ్యడానికి మాత్రం నా ఒక్కడి మాట సరిపోయింది, అప్పుడు నువ్వెవడివిరా అని కూడా అడగలేదు. పక్క రైతు గట్టు మీద కంచెకు రాతి కడీలు దింపించాడు.

రికార్డు సంగతి ఇంకా తేలలేదు. అవ్వ దుకాణానికి వచ్చినప్పుడల్లా విత్తనాల మాట కంటే ముందు అదే అడుగుతుంది.

"ఫోన్ల వచ్చిందా సేటు?"